గంట ప్రయాణం, గంట నిద్ర

ఈ రోజు మా పెద్దమ్మ మొదటిసారి విమానమెక్కింది. విశాఖలో మనవరాలికి పాప పుట్టింది, చూడాలని ఆత్రం. ఇల్లందు నుంచి గన్నవరం దాకా కారులో నాలుగు గంటలూ కన్ను మూయలేదు. అక్కణ్నుంచి విమానంలో విశాఖకు గంటే. సీటుబెల్టు పెట్టుకోగానే నిద్రపోయింది. లేపడానికి నాకు మనసొప్పలేదు. విమానం దిగి ఆగాక కళ్లు తెరిచింది.

"ఇది ఇంకెప్పుడు లేస్తదిరా?"

"లేసింది, దిగింది గూడ. విశాఖ వచ్చినం పెద్దమ్మా."

పెద్దమ్మ వెంటనే ఎయిర్ హోస్టెస్ చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, నేనేం సూడనే లేదు. ఒక్కసారి మళ్ల పైకి లేపరాదు?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆసుపత్రిలో మనవరాలు, "విమానం ఎట్లుంది అమ్మమ్మా?" అని అడిగింది. పెద్దమ్మ పాపను ఒళ్లోకి తీసుకుంటూ, "మబ్బులు దూది లెక్క ఉన్నయే. నాకైతే భయమే కాలే" అంది. నావైపు మాత్రం చూడలేదు.

నేను నోరు విప్పలేదు. మీరైతే చెప్పేసేవారా?