ఎల్లిపాయ వాసన వచ్చేదాకా

మా చిన్నప్పుడు... తుపాకులవాళ్లు ఊళ్లోకి వస్తున్నారంటే చాలు, అమ్మ నన్నూ అక్కనూ వడ్లు పోసుకునే ఖాళీ గుమ్మిలోకి దించి పైన గోనెపట్టా కప్పేది.

పోలీస్ యాక్షన్‌కు ముందటి మాట. తిరుమలగిరి దగ్గర పల్లె మాది. మా బాపు సర్కారుకు ఎదురుతిరిగిన సంఘంలో చేరి అడవి పట్టాడు. ఆయన్ను రప్పించడానికి పిల్లల్ని పట్టుకుపోతారని అమ్మ భయం.

మందంగా మట్టి మెత్తిన గుమ్మి... లోపల ఏమీ కనబడదు, బయటి మాట వినబడదు. వాళ్లు పోయారని కేకేస్తే ఎవరి చెవినైనా పడొచ్చు, గుమ్మి దగ్గరికొచ్చి పిలిస్తే ఎవరి కంటనైనా పడొచ్చు. అందుకే అమ్మ ఎల్లిపాయ పోపు పెట్టేది. పక్కవాళ్ల ముక్కుకు తగిలేది వట్టి వాసనే కదా... మాకు మాత్రం "బయటికి రాండ్రి బిడ్డా" అన్నట్టే ఉండేది.

ఒకనాడు మధ్యాహ్నం నూనె కాగిన వాసన వచ్చింది. జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు... ఆకలి మీదున్నానేమో, లేచి నిలబడ్డాను. అక్క చెయ్యి పట్టి కిందికి గుంజింది.

"ఆగవే... ఎల్లిపాయ వాసనేదే?" అని చెవిలో అన్నది.

మళ్లీ పీల్చి చూశాను. నిజమే, లేదు.

"ఆకలైతాందక్కా..."

అక్క నా తల తన ఒళ్లో పెట్టుకుంది.

సంగతి తర్వాత తెలిసింది. వచ్చినవాళ్లు పోలేదట, వాకిట్లో కూర్చొని వంట చేసిపెట్టమన్నారట. "పప్పుల ఎల్లిపాయ ఎయ్యవా?" అని ఒకడు గద్దిస్తే, "ఒడిసినయ్ అయ్యా" అన్నదట అమ్మ. ఎల్లిపాయలేమో ఆమె కొంగు ముడిలోనే ఉన్నాయి.

పొద్దు వాలినంక వచ్చింది అసలు వాసన... మాడిందా అన్నంత ఘాటుగా. బయటికొస్తే పప్పు లేదు, ఏమీ లేదు. ఉత్త చట్టిలోనే పోపు పెట్టి కూర్చుంది అమ్మ. "వాసనొచ్చిందా బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఆ నూనెలో జొన్నరొట్టె అద్దుకొని తిన్నాం. అంత రుచి మళ్లీ ఎరగను.

ఇవ్వాళ ఈ నాలుగు మాటలు చెప్పడానికి నేనున్నానంటే, ఆ పూట పోపులో పడని ఎల్లిపాయ పుణ్యమే. నన్ను కిందికి గుంజిన అక్క పుణ్యమే.

ఇప్పుడు వంటింట్లో చిమ్నీ... వాసన పుట్టీ పుట్టకముందే లాగేస్తుంది. పోపు పెట్టేటప్పుడు అది జర బంద్ చెయ్యమంటాను కోడలిని. నవ్వుతుంది కానీ చేస్తుంది, సల్లగుండ.

మీ ఇంట్లో అమ్మ ఏ వాసనతో గుర్తొస్తుంది? రాయండి, చదువుకుంటాను.

అమ్మ లేదు, అక్కా లేదు. ఎల్లిపాయ వేగితే మాత్రం మోకాళ్ల నొప్పి మరిచి ఇప్పటికీ లేచి నిలబడతాను... అమ్మ రమ్మన్నదని.