ఒకే ఐడీ మీద ఇద్దరం

మా తాతగారి అపరాల కొట్టు వన్ టౌన్‌లో ఉండేది. ఇప్పటికీ ఉంది. మాది కాదు.

కింద కొట్టు, వెనక గోడౌను, పైన పొడుగాటి హాలు. ఆ హాల్లో రోజూ మధ్యాహ్నం ముఠా కూలీలకూ గుమాస్తాలకూ భోజనాలు పెట్టేవారు. మొదటి బంతి బస్తాలు మోసేవాళ్ళది, రెండో బంతి గుమాస్తాలది. వాళ్ళంతా తిని, చేతులు కడుక్కుని కిందికి దిగాక తాతగారు కూర్చునేవారు. అందాకా చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య తిరుగుతూ, "ఇంకాస్త వేయించుకో, మొహమాటపడకు" అనేవారు. సెలవుల్లో నేను కొట్టుకు వెళితే నన్నూ ఆఖరి దాకా నిలబెట్టేవారు. ఆరేళ్ళప్పుడు ఒకసారి సాంబారు వాసనకు ఆగలేక ఏడ్చాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి, "మన ఆకలి వాళ్ళకి తెలియకూడదురా" అన్నారు. తర్వాత ఎప్పుడూ ఏడవలేదు. కొన్నాళ్ళకు అలా నిలబడి ఉండటంలోనే ఒక రుచి తెలిసింది. తినేవాళ్ళందరూ తలెత్తి చూస్తే మేమే కనిపించేవాళ్ళం.

ఆయన పోయాక పదేళ్ళు పట్టలేదు. నాన్నకు సరుకూ తెలియదు, మనుషులూ తెలియరు. తొంభైల చివరికి కొట్టు చేతులు మారింది, ఆ తర్వాతి ఏడాది నాన్న కూడా పోయాడు. కొట్టు తీసుకున్నది మా పెద్ద గుమాస్తాయే. అన్యాయంగా తీసుకోలేదు, ఆ మాట రాయకపోతే తప్పు నాది. బోర్డు మీద తాతగారి పేరు కూడా ఆయన మార్చలేదు. ప్రతి దసరాకూ దానికి కొత్త రంగు వేయించేవాడు. ఆ రంగు చూసినప్పుడల్లా ఆ పేరు చెరిపేసి ఉంటే బాగుండేదనిపించేది.

అమ్మా నేనూ గుణదలలో రెండు గదుల పోర్షనుకు మారాం. బీకాం తర్వాత నేను ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగ్ బల్ల దగ్గర చేరాను. రోజంతా బిల్టీలు రాయడం: పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, బస్తాలెన్ని, ఏ ఊరు. ఒకప్పుడు మా పేరు మీద ఇలాంటి కాగితాలు ఎవరో రాసి ఉంటారు.

రెండు వేల అయిదు తర్వాతి మాట ఇది. నాకు ఇరవై ఏడు నిండాయి. పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీల ప్రవేశ పరీక్ష రాయాలని నిశ్చయించుకున్నాను. సీటు వస్తే ఆ బల్ల మీంచి లేస్తాను, రాకపోతే దాని ముందే ముసలివాణ్ణవుతాను. నా ముందు మూడో దారి లేదు. మా యజమాని తుని బ్రాంచికి వెళ్ళమని అప్పటికే రెండుసార్లు అడిగాడు. పరీక్ష అయ్యేదాకా ఆగమన్నాను. అది నాకు మొదటి ప్రయత్నం, చివరిది కూడా.

ఆ రోజుల్లో ఒకసారి, కొట్టు తీసుకున్న మా పాత గుమాస్తా మినుముల లోడు బుక్ చేయడానికి వచ్చాడు. కొట్టులో పనివాళ్ళను పంపించవచ్చు. నా దగ్గరికి మాత్రం తనే వచ్చేవాడు. నా ఎదుట కుర్చీ ఉన్నా కూర్చునేవాడు కాదు.

"చినబాబుగారూ, ఆ ఎంబీఏ ఎంట్రన్సేదో మీరూ రాస్తున్నారంటగా? గుడి దగ్గర అమ్మగారు చెప్పారు."

"రాస్తున్నాను."

"మా అమ్మాయీ రాస్తానంటుందండి. పాఠాలన్నీ ఇంటర్నెట్టులోనే చెప్తారంట, పరీక్షలు కూడా అందులోనే పెడతారంట. చేర్పించేశాను. ఇంట్లో కంప్యూటరుంది, బ్రాడ్‌బ్యాండు పెట్టించాను. మీరూ వచ్చి చూసుకోండి. ఒకళ్ళు చూసినా ఇద్దరు చూసినా అరిగిపోయేది కాదుగా."

ఆయనను ఏమని పిలవాలో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు. తాతగారు పేరు పెట్టి పిలిచేవారు. నేను 'గారు' అనలేను, అనకుండా ఉండలేను. అందుకని ఏమీ పిలవకుండానే మాట్లాడేవాణ్ణి.

"ఊరికే చూడను. మీ అమ్మాయికి నేను పాఠం చెప్తాను. అలాగైతే వస్తాను."

ఆయన రెండు చేతులూ జోడించాడు. "అంతకంటేనా అండీ."

అలా ప్రతి ఆదివారం గుణదల నుంచి సిటీ బస్సెక్కి వన్ టౌన్‌లో దిగి, తోపుడుబళ్ళ మధ్య నుంచి నడిచి, మా మెట్లే ఎక్కి వాళ్ళ ఇంట్లోకి వెళ్ళేవాణ్ణి. పై హాలును వాళ్ళు ఇల్లుగా మార్చుకున్నారు. మధ్యలో ప్లైవుడ్ గోడ, దాని మీద దేవుళ్ళ క్యాలెండర్లు. ఒకప్పుడు చేతులు కడుక్కునే తొట్టి ఉన్న మూల ఇప్పుడు కంప్యూటరు బల్ల. కింద నుంచి వచ్చే కందిపప్పు దుమ్ము వాసన మాత్రం మారలేదు.

అమ్మాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. చురుకైనది, నోటి దురుసు కూడా ఉంది. నన్ను 'అన్నయ్యా' అనేది, మీరు అనే మాట్లాడేది. పాఠాలు చెప్పే ఆయన తెర మీద చిన్న చదరంలో కనిపించేవాడు. వాక్యం మధ్యలో నోరు తెరుచుకుని ఆగిపోయేవాడు, తెర మీద ఓ చక్రం తిరిగేది. "పాపం, సారుకి ఆవులింత వచ్చింది" అనేది అమ్మాయి. ఆయన కదిలినప్పుడల్లా చెప్పే మాట ఒకటే: లెక్క రెండు నిమిషాల్లో తేలకపోతే వదిలేయండి, ముందుకు వెళ్ళండి. నాకు ఆ మాట చిరాకు తెప్పించేది. మొదలుపెట్టిన దాన్ని మధ్యలో వదిలేసే వంశంలో నేను పుట్టలేదు.

మొదటి నెల బాగానే గడిచింది. నేను చెప్పేవాణ్ణి, ఆమె వినేది. ఆదివారం ఆమె ఏం అడుగుతుందో అని వారమంతా లారీ ఆఫీసులో బిల్టీల కింద పుస్తకం పెట్టుకుని చదివేవాణ్ణి. ఆమె అడిగినదానికి 'తెలియదు' అనకూడదు.

తర్వాత మాక్ టెస్టులు మొదలయ్యాయి. అసలు పరీక్ష కాగితం మీదే అయినా ప్రశ్నలూ సమయమూ అచ్చంగా అలాగే, రెండున్నర గంటలు, తెర మీద పై మూల గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది. కరెంటు పోయినా అది ఆగదు. చివర దేశం మొత్తం మీద మన స్థానం ఎంతో చూపిస్తుంది.

"అన్నయ్యా, ఓ చిక్కొచ్చింది" అంది అమ్మాయి. "ఒక ఐడీకి ఒక్కో టెస్టు ఒక్కసారే తెరుచుకుంటదంట. మొత్తం పదిహేను. బేసివి మీరు రాయండి, సరివి నేను రాస్తా. చివర్న మిగిలే పదిహేనోదానికి బొమ్మా బొరుసా వేసుకుందాం."

"అన్నీ నువ్వే రాయి."

"మరి మీరో?"

"నాకు అక్కర్లేదు. నువ్వు రాశాక పేపరు చూస్తాను."

ప్లైవుడ్ గోడ అవతల నుంచి వాళ్ళ నాన్న వచ్చాడు. "ఇంకో ఐడీ తీసుకుందామండీ చినబాబుగారూ, దానికేముంది."

"వద్దన్నానుగా."

ఆయన కూతురి వైపు తిరిగి, "పెద్దాయన కూడా ఇంతేనమ్మా. ఇదే హాల్లో, మేం తిని లేస్తేగాని ఆయన ముద్ద ముట్టేవారు కాదు" అన్నాడు.

ఆ మాట విన్నాక ఆ పదిహేను టెస్టుల్లో ఒక్కటి కూడా నేను ముట్టుకునే ప్రశ్నే లేదు. ఆ రోజు తిరుగు బస్సులో కూర్చుంటే, ఎన్నో ఏళ్ళ తర్వాత నా వీపు దానంతట అదే నిటారుగా నిలబడింది.

ఇది ఇక్కడితో ఆపితే నేను మంచివాణ్ణి అవుతాను. కానీ ఇంకోటుంది. ఆ తెర మీద చివర వచ్చే అంకె నాదిగా కనిపించడం నాకు ఇష్టం లేదు. అది ఏ లక్షలోనో ఉంటే, ఆ అమ్మాయి చూస్తే, వాళ్ళ నాన్న చూస్తే? ఇవ్వడం సులువైంది. నా భయానికి తాతగారి కండువా కప్పాను.

ఆమె రాస్తుంటే వెనక స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆమె ముగించాక పేపరు మొదటి నుంచి చూసేవాణ్ణి. గడియారం లేదు, కాఫీ వచ్చేది, లెక్కలన్నీ తేలేవి. ఆమె వదిలేసినవి కూడా నాకు వచ్చేవి. ఇన్ని తెలిసినవాడికి సీటు రాకపోవడమేమిటి అనిపించేది.

"ఇది ఎందుకు వదిలేశావు? తేలికే కదా" అనేవాణ్ణి.

"తేలికే అన్నయ్యా, మీరు చేసిన తర్వాత. దీన్ని తేల్చేలోపు నేను అవతల మూడు చేసుకుంటా. మీరిలా ఒక్కోదాని దగ్గర కూర్చుంటే పరీక్ష అయిపోయిద్ది, గుణదల ఆఖరి బస్సు కూడా వెళ్ళిపోద్ది."

"వదిలేయడం నేర్చుకోవడానికి కోర్సెందుకు?"

"అదేగా అన్నయ్యా, అదే నేర్పుతున్నారు!"

నవ్వింది. నేను నవ్వలేదు. ఆ నవ్వులో నాకు కావలసిన పాఠం ఉంది, నేను మర్యాద కోసం వెతికాను.

ఆమె స్థానం వారం వారం మెరుగుపడింది. తెర మీద మొదట ఎర్రగా ఉన్న మార్కుల గీతలు పచ్చబడ్డాయి. పదిహేనోది రాసిన రోజు వాళ్ళ నాన్న పైకి వచ్చి అంకె చూసి, "ఇది మంచిదేనా చినబాబుగారూ?" అని నన్నే అడిగాడు. మంచిదే అన్నాను. "అంతా మీ చలవ" అన్నాడు.

పరీక్ష హైదరాబాదులో పడింది. తండ్రీ కూతుళ్ళూ నేనూ ఒకే రైల్లో వెళ్ళాం. అమ్మాయి వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోర ఖాజీపేట దగ్గర విప్పారు. నేను ఆకలిగా లేదన్నాను. నిజానికి ఆకలిగానే ఉంది.

పరీక్ష హాల్లో మొదటి విభాగంలో రెండో ప్రశ్న దగ్గరే చిక్కుకున్నాను. తేలేదాకా కదల్లేదు. తేలింది. తల ఎత్తి చూస్తే ముందు వరస వాళ్ళు పేజీలు తిప్పుతున్నారు. అప్పటికైనా కొన్ని దాటేసి వెళ్ళవచ్చు. చెయ్యి వెళ్ళలేదు. రెండున్నర గంటలంటే ఎంతసేపో నా ఒంటికి తెలియదు. గడియారం పెట్టుకుని నేను ఒక్కసారి కూడా రాయలేదు. మొదటి విభాగం మొత్తం చేశాను, రెండోది సగం. మూడో విభాగం తెరిచేసరికి ఇన్విజిలేటరు ఇక పది నిమిషాలే ఉన్నాయన్నాడు. మూడింటిలోనూ కనీస మార్కులు రాకపోతే ఏ కాలేజీ పిలవదని నాకు తెలుసు. ఆ నియమం ఆమెకు వివరించింది నేనే.

బయట గేటు దగ్గర అమ్మాయి ఎదురొచ్చింది. "ఎలా రాశారన్నయ్యా?"

"రాసినవన్నీ కరెక్టే."

ఆమె ఎన్ని రాశారని అడగలేదు. అడగదని నాకూ తెలుసు.

జనవరిలో ఫలితాలు ఆ కంప్యూటరు మీదే చూశాం. ముందు ఆమెది. తర్వాత నా హాల్ టికెట్ నంబరు నేనే కొట్టాను. మొదటి విభాగంలో నాకు వచ్చిన మార్కులు ఆమె కంటే ఎక్కువ. మూడోదాని పక్కన ఉన్న అంకెను చూసి వాళ్ళ నాన్న కంప్యూటరు సరిగ్గా చూపిస్తోందా అని అడిగాడు. సరిగ్గానే చూపిస్తోందని చెప్పాను. పిలుపు ఒక్క చోట నుంచి కూడా రాలేదు.

ఆమెకు మూడు చోట్ల నుంచి వచ్చాయి. ఇంటర్వ్యూకు కూడా నేనే చెప్పాను. మధ్యలో మానేస్తే ఏమనుకుంటారు? మేరీమాత ఉత్సవాల రోజుల్లో బస్సులు గుణదల దాకా రానివ్వకపోతే జనంలో తోసుకుంటూ నడిచి వెళ్ళి మరీ చెప్పాను. మేలో ఆమెకు సీటు ఖాయమైంది. తునికి ఎప్పుడు వెళతావని మా యజమాని మూడోసారి అడిగాడు. వెళతానన్నాను.

అమ్మాయి కాలేజీకి బయలుదేరే ముందు వాళ్ళు భోజనానికి పిలిచారు. అమ్మ రానంది. నేను వెళ్ళాను. ప్లైవుడ్ గోడ ఆ రోజుకు తీసేశారు. హాలు పాత పొడుగుకు వచ్చింది. కింద చాపలు, ఆకులు. బంధువులు, కొట్టు గుమాస్తాలు, ముఠా వాళ్ళు ఇద్దరు ముగ్గురు. నేను గోడ పక్కన నిలబడ్డాను. అందరూ తిని లేచేదాకా నిలబడటం నాకు కొత్త కాదు.

"రండి చినబాబుగారూ, మీరు మొదటి బంతిలో కూర్చోవాలి" అని ఆయన వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మీరు కూర్చోండి. నేను తర్వాత తింటాను."

"అలా కాదండి. ఇక్కడ మేం ఆఖర్న. పెద్దాయన నేర్పిందేగా."

ఆ మాట ఆయన గౌరవంగానే అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా కించపరచని మనిషి. అందుకే చెయ్యి విడిపించుకోలేకపోయాను. ముఠా వాళ్ళ పక్కన, వరసలో మూడో ఆకు ముందు కూర్చున్నాను. అమ్మాయి నెయ్యి వడ్డించింది. "అన్నయ్యా, మీరు తుని వెళ్ళాక కూడా ఫోన్ చేస్తా, డౌట్లుంటాయి" అంది.

"చెయ్యి" అన్నాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య నడుస్తున్నాడు. నా ఆకు దగ్గర ఆగాడు. తలెత్తి చూశాను.

"ఇంకాస్త వేయించుకోండి. మొహమాటపడకండి."

వేయించుకున్నాను. ఆకులో మెతుకు మిగల్చకుండా తిని, మిగతావాళ్ళతోపాటు లేచి, చెయ్యి కడుక్కుని కిందికి దిగాను.