తఫీదా గడప దాటని నాలుగు నెలల పది రోజులు

ఈజిప్టులోని దమియెత్తాలో కుర్చీల మీద గులాబీలు చెక్కే శుక్రీ, బతికుండగానే తన వర్క్‌షాపును పద్నాలుగేళ్ల కూతురు రబాబ్ పేర పెట్టాడు. ఆమెకు ఇరవై ఒకటి నిండేదాకా దాన్ని కాపాడమని తమ్ముడు మిత్వల్లిని వీలునామాలో నియమించాడు. రబాబ్ తండ్రి పక్కన కూర్చుని ఉలి పట్టిన పిల్ల. ఆ షాపు తప్ప ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

శుక్రీ పోయిన పదో రోజున మిత్వల్లి వచ్చి షాపు తాళంచెవి అడిగాడు.

"వదినా, అన్న పోయి ఇద్దత్‌లో ఉన్నదానివి, నాలుగు నెలల పది రోజులు గడప దాటకు. కోర్టు కాగితాలేమైనా వస్తే నాకిచ్చెయ్. అన్న కూతురు నాకు కూతురు కాదా?"

ఇంత తియ్యగా మాట్లాడేవాణ్ని వాకిట్లోనే ఆపెయ్యాలి. శుక్రీ భార్య తఫీదా కూర్చోబెట్టి టీ ఇచ్చింది, తాళంచెవీ ఇచ్చింది. నెల తిరిగాక కోర్టు నుంచి నోటీసు వస్తే, విప్పకుండానే అతని చేతిలో పెట్టింది.

కోర్టు గేటు దగ్గర టీ అమ్మే సనియ్యా ఈ సంగతి విని ఇంటికొచ్చి తల బాదుకుంది.

"పిచ్చిదానా! షాపు అమ్మడం నీకిష్టమేనా అని అడగడానికే ఆ నోటీసు. మైనర్ ఆస్తి జడ్జి అనుమతి లేనిదే అమ్మకూడదే. ఇప్పుడే వెళ్లి నాకిష్టం లేదని చెప్పు, అమ్మకం ఆపమను. దొంగని తేలితే వాణ్ని తీసేస్తారు."

"ఇద్దత్‌లో కోర్టు మెట్లెక్కితే ఊరు నా మొహాన ఉమ్మదా?"

"అవసరముంటే వెళ్లొచ్చని మసీదు షేకులే చెబుతారు కదే!"

"షేకులు చెబుతారు. మా అత్త ఒప్పుకోవద్దూ?"

చట్టం ఆమె పక్షానే ఉంది, మతమూ అడ్డురాలేదు. అత్తగారి నోటికి భయపడి తఫీదా కూర్చుంది. ఆ భయాన్ని మర్యాద అనుకుంది, నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇద్దత్ గడువు తీరిన మర్నాడు పొద్దున్నే కోర్టుకు వెళ్లింది.

"నోటీసు పంపాం, నువ్వు రాలేదు," అన్నాడు గుమస్తా. "షాపు కూలిపోయేలా ఉందని మీ మరిది ఇంజనీరు కాగితం తెచ్చాడు. తల్లికి ఇష్టమేనన్నాడు. అనుమతి ఇచ్చేశాం."

ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి షాపు లేదు. అపార్ట్‌మెంట్ల కోసం గొయ్యి తవ్వుతున్నారు. శుక్రీ పనిబల్ల ముక్కలతో కూలీలు టీ కాచుకుంటున్నారు.

ఎనిమిది నెలలు కోర్టు చుట్టూ తిరిగింది. ఇంజనీరు కాగితం దొంగదని తేలింది. జడ్జి మిత్వల్లిని తీసేసి, కూతురి ఆస్తికి తఫీదానే సంరక్షకురాలిగా పెట్టాడు. కొన్నవాడు కోర్టు అనుమతి చూసే కొన్నాడు గనక స్థలం తిరిగి రాదని ఆ జడ్జే అన్నాడు. మింగిన డబ్బు కోసం నష్టపరిహారానికి దావా వెయ్యొచ్చు, కానీ మిత్వల్లి పేర చెప్పులజత కూడా లేదు, అన్నీ పెళ్లాం పేరనే.

కోర్టు వరండాలో మిత్వల్లి నవ్వుతూ ఎదురొచ్చాడు. "ముబారక్ వదినా! ఇక ఆస్తంతా నువ్వే చూసుకో."

ఇంటికి రాగానే రబాబ్ ఎదురొచ్చింది.

"గెలిచామా అమ్మా?"

"గెలిచాం."

"అయితే నాన్న పనిబల్ల మనకిచ్చేస్తారా?"

తఫీదా ఆ పిల్ల చెంప ఛెళ్లుమనిపించింది.