కిటికీ అవతలి గండుపిల్లి

గేట్ బజార్ మురుగుకాలువలోంచి తీసి పెంచుకున్న పిల్లి రోజూ మా అత్తగారి ఒడిలోనే పడుకునేది. ఒక ఉదయం ఆవిడ కిటికీ దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, అది హఠాత్తుగా ఆవిడ ముంజేతిని కరిచిపట్టి, వెనక్కాళ్లతో రక్కేసింది. చీరంతా నెత్తురు. మా ఆయన చీపురు తిరగేసి దాన్ని రెండు దెబ్బలు వేశాడు.

"దీన్ని ఇప్పుడే పారేసొత్తాను!"

"కొట్టకురా! గోడమీద సూడు," అన్నారు అత్తగారు, చేతికి కొంగు చుట్టుకుంటూ.

కిటికీ అవతల గోడమీద చెవి చిరిగిన గండుపిల్లి కూర్చుంది. బల్ల కింద నక్కిన మా పిల్లి దానికేసే చూస్తూ గుర్రుమంటోంది. దాన్ని అందుకోలేక, దగ్గరున్న చేతిని చీల్చింది. నేను కిటికీ మూసేసి, ఆవిడను ఆటోలో ఇంజెక్షనుకు తీసుకెళ్లాను.

కొన్నాళ్లకు పిల్లి తనంతట తనే మళ్లీ ఒడిలోకెక్కింది. ఆవిడ కాదనలేదు. కట్టు కట్టిన చేతిని మాత్రం దానికి దూరంగా ఎత్తి పట్టుకున్నారు.