ప్లస్ అని చెప్పాను

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం నాతో పాటే తిరిగింది. పెద్దదేం కాదు, ఒక్క మాట. నా చదువు, ఉద్యోగం, ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్న గది, అన్నీ దాని మీదే నిలబడ్డాయి. నిన్న మధ్యాహ్నం ఆ సంగతి చెప్పాల్సిన మనిషికి చెప్పేశాను. ఇవాళ మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదవండి.

మాది మొయినాబాద్ దగ్గర ఊరు. పదో తరగతిలో నా పక్కన అనసూయ కూర్చునేది. వాళ్ల బాపు క్యారెట్, టమాట పండించేవాడు. లెక్కల్లో ఆమెను మించినవాళ్లు బడిలో లేరు. నేను రెండోదాన్ని. ఎప్పుడూ రెండోదాన్నే.

అప్పుడంతా కంప్యూటర్ల మాటే. చేవెళ్లలో ఏ గోడ చూసినా ఏదో ఒక కోర్సు పేరు. బస్సులో కండక్టర్ కూడా పట్నంలో వచ్చే ఉద్యోగాల గురించే మాట్లాడేవాడు. ఏదో పెద్దది మా వైపే వస్తోందని తరగతి మొత్తానికి హుషారుగా ఉండేది. ఆ హుషారులోనే లెక్కల సారు రేఖీయ సమీకరణాల జతలు మొదలుపెట్టారు. రెండు సమీకరణాలు, రెండు గీతలు, అవి కలిసిన చోటు జవాబు. గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి, స్కేలు ఆనించి రెండో గీత లాగుతుంటే, అది మొదటిదాన్ని ఎక్కడ కోస్తుందోనని ఊపిరి బిగపట్టి చూసేవాళ్లం. అనసూయ మాత్రం గీయకముందే వేలు పెట్టి, "గీడ కలుస్తయ్ సూడు" అనేది. అక్కడే కలిసేవి. నాకు ఒళ్లు జలదరించేది. సంతోషంతోనా, ఈర్ష్యతోనా? రెండూ ఉండేవి.

ఆమెకొక ఇబ్బంది ఉండేది. బోర్డు మీది రాత సరిగ్గా కనిపించేది కాదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఏడాదంతా నేనే మెల్లగా చదివి చెప్పేదాన్ని. సారుకు చెప్పి ఆమెకు కళ్లద్దాలు ఇప్పించే మాట నేనెందుకు ఎత్తలేదు? అన్నిట్లో ముందుండే పిల్లకు నా అవసరం ఉండటం నాకు బాగుండేది. అదీ ఒప్పుకోవాలి కదా, ఇంత దూరం వచ్చాక.

ఆ ఏడు పట్నంలో ఒక కాలేజీ వాళ్లు మా బడి నుంచి ఒక్కరికి ఉచితంగా సీటు ఇస్తామన్నారు. హాస్టలు, కంప్యూటర్ శిక్షణ, అన్నీ వాళ్లవే. సారు పరీక్ష పెట్టారు. ఎలా జరిగిందో గానీ, ఆ ఒక్కసారి నాకూ అనసూయకూ సమానంగా మార్కులు వచ్చాయి. తేల్చడానికి మా ఇద్దరినే కూర్చోబెట్టి బోర్డు మీద ఒక జత రాశారు.

2x + y = 8
2x − y = 4

గ్రాఫ్ గీసి సాధించమని చెప్పి, సారు గుమ్మం దగ్గరికి వెళ్లి ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"రెండో దాంట్ల వై ముంగట ఏమున్నదే? ప్లస్సా, మైనస్సా?" అంది అనసూయ గుసగుసగా.

"ప్లస్."

"మంచిగ సూసినవా?"

"సూసిన. ప్లస్సే, రాస్కో."

ముందే అనుకున్నానా? లేదు. నోటికి అలా వచ్చేసింది. కానీ ఆమె రెండోసారి అడిగింది కదా. రెండోసారి చెప్పింది మాత్రం తెలిసే చెప్పాను. ప్లస్ అయితే ఏమవుతుందో అప్పటికి లెక్కేసుకున్నాను. రెండు గీతలూ సమాంతరం. ఎంత దూరం లాగినా కలవవు.

నా గీతలు మూడు, రెండు దగ్గర కలిశాయి. అనసూయ నాకంటే ముందే ముగించింది. కాగితాలిచ్చి బయటికి రాగానే నా చేయి పట్టుకుని గుంజింది. ముఖం వెలిగిపోతోంది.

"సారు భలే పెట్టిండే. మనం కలుపుతమా లేదా అని సూస్తున్నడు. అవి కలువనే కలువవు. ఎందుకు కలువవో గూడ రాసిన."

సారు ఇంకా లోపలే ఉన్నారు, కాగితాలు చేతిలోనే ఉన్నాయి. పది అడుగులు వేసి ఉంటే సరిపోయేది. వేయలేదు. "అవునే" అన్నాను.

మర్నాడు సారు అందరి ముందూ ఆమె కాగితం పట్టుకుని, ప్రశ్న కూడా చూసి రాసుకోనోళ్లు పట్నంల ఏం చదువుతరని అడిగారు. అనసూయ లేచి నిలబడి, "నేనే సరిగ సూడలే సార్" అంది. నా వైపు తిరగలేదు. తెలిసీ నన్ను కాచిందా, తనకే వినబడటంలో పొరపాటు జరిగిందనుకుందా? తొమ్మిదేళ్లు ఈ ప్రశ్న నన్ను తొలిచింది. నేను పట్నం వెళ్లాను. ఆమె చేవెళ్లలోనే ఇంటర్ చేరింది, లెక్కలు లేని గ్రూపులో.

నిన్న ఆఫీసు వాళ్లంతా మోకిలలో ప్లాట్లు చూద్దామని బయలుదేరితే నేనూ వెళ్లాను. మా ఊరికి అంత దగ్గరికి వెళ్లాక ఇంక ఆగలేకపోయాను. శంకర్‌పల్లి పోయి చేవెళ్ల బస్సెక్కాను. అనసూయ కూరగాయల నారు పెంచి అమ్ముతోందని విన్నాను. నారు పెంచే చోటే దొరికింది. కళ్లద్దాలు పెట్టుకుంది. నన్ను చూసి ఎంత సంతోషపడిందంటే, ఇంకో నిమిషం ఆగితే చెప్పలేనని తెలిసిపోయింది. నిలబడే చెప్పాను. ఆ రోజు బోర్డు మీద ఉన్నది మైనస్ అని, నేను చూశానని.

ఆమె ఒక అట్టముక్క అందుకుని పెన్ను తీసింది. అంకెలన్నీ ఆమెకు గుర్తున్నాయి. రెండు గీతలు గీసింది, సమాంతరంగా. వాటి మీదుగా అసలు రెండో గీత గీసింది. మూడు, రెండు.

"అంటే నా లెక్క తప్పు కాదు" అంది. గొంతులో పదో తరగతి నాటి ఆ హుషారు. "నేనే తప్పు ఇని గీసిననుకున్న ఇన్నేండ్లు. లెక్కలంటెనే భయమైంది. తప్పు కాదు గద?"

"కాదు. నీది కరెక్టే ఉండె."

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "గట్ల ఎందుకు చెప్పినవే?"

"ఆ సీటు నాకు కావాల్ననిపించింది."

"నాక్కూడ కావాల్ననే ఉండె" అంది.

ఎవరో రైతు మిరప నారు కోసం వచ్చాడు. ఆమె లేచి అతనితో నారు సంగతి మాట్లాడుతూ లోపలికి నడిచింది. నేను కాసేపు నిలబడ్డాను. క్షమించమని అడగాలని వచ్చానా? అడగలేదు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, పొమ్మనీ అనలేదు. బస్సులో కూర్చున్నాక ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఆకలేసింది, కిటికీలోంచి గాలి ముఖానికి కొట్టింది. నేను తప్పు చేశాను. ఆ మాట ఇప్పుడు ఆమెకూ తెలుసు, మీకూ తెలుసు.