రెండో చెంబు నీళ్ళు

మునిలక్ష్మి అక్క షెడ్డులో అడుగు పెడితే చాలు, పట్టుపురుగులన్నీ మేత ఆపి, తలలెత్తి ఆమెకు నమస్కారం పెట్టేవి. నేను కళ్ళారా చూశాను. నంగలి చుట్టుపక్కల నాకంటే నిజం చెప్పేవాడు ఇంకొకడు లేడు, కావాలంటే నన్నే అడగండి. తొమ్మిదో తరగతిలో నన్ను వదులుకుని బడి చాలా నష్టపోయింది.

మా పక్కింటి రామాంజినప్పకు పెళ్ళాంగా వచ్చిన నాటి నుంచి ఆ షెడ్డు ఆమెదే. మల్బరీ ఆకు కోయడం, పూటపూటకూ మేత వేయడం, పండిన పురుగులను ఒక్కొక్కటే ఏరి, గూళ్ళు కట్టుకునే వెదురు చట్రాల మీద వదలడం, అన్నీ ఆమె చేతి మీదే. అత్త వెంకటలక్ష్మమ్మ షెడ్డు తాళంచెవిని కోడలి కొంగుకు కట్టింది. మా వైపు ఆ తాళంచెవి తాళిబొట్టుకంటే ఒక మెట్టు పైన. పురుగంటే దేవుడు, మైల తగలకూడదు. చావింటి నుంచి వచ్చినా, ముట్టయినా, షెడ్డు గడప బయటే నిలబడాలి.

గూళ్ళు అమ్మడం రామాంజినప్ప పని. అమ్మిన రోజు నేరుగా ఇంటికి రాడు. రాబర్ట్‌సన్‌పేటలో సుమ అని ఒకామె ఉంది. వాళ్ళింట్లో రెండు మూడు రోజులుండి వస్తాడు. ఇందులో రహస్యమేమీ లేదు. అతడు బస్సు దిగగానే టీ అంగడి దగ్గర, పేట నీళ్ళు బాగా పట్టినట్టుండాదే అని నవ్వేవాళ్ళు. అతడూ మీసం దువ్వుకునేవాడు. ఇంటికి పోతే, షెడ్డు గడప దగ్గర తల్లి అతడి కాళ్ళ మీద ఒక చెంబు నీళ్ళు పోసేది. అంతే, మైల పోయినట్టే. లోపలికెళ్ళి దర్జాగా పురుగులు చూసుకునేవాడు.

ఇక అక్క చేసిన తప్పు. చట్రాలు అద్దెకిచ్చే శంకర్ వాటిని టెంపోలో తెచ్చి దించేవాడు. మొదట్లో చట్రాల కోసమే ఫోను. తర్వాత, ఈ పొద్దు ఏ ఊరు పోయినావని ఆమె అడిగేది, అతడు చెప్పేవాడు. చింతామణిలో వాన పడిందని, శిడ్లఘట్టలో బండ్లు ఇరుక్కున్నాయని. ముళబాగిలు దాటి ఎరగని మనిషి ఆకు కోస్తూ కోస్తూనే ఊళ్ళన్నీ తిరిగొచ్చింది. టికెట్టు లేకుండా అంత దూరం పోయిన మనిషి భూమ్మీద ఇంకొకరు లేరు. అంతకు మించి ఏమీ జరగలేదు. జరిగుంటే నా కథ ఇంకా రక్తి కట్టేది.

ఒక మధ్యాహ్నం రామాంజినప్ప సుమ ఇంట్లో మంచం మీద కూర్చుని పెళ్ళానికి ఫోను చేశాడు. బిజీ. మళ్ళీ చేశాడు. బిజీ. అక్కడే పౌరుషం పొంగి బస్సెక్కి వచ్చేశాడు. ఫోను లాక్కుని చూస్తే శంకర్ పేరు. అదే వారం పురుగులకు పాలురోగం తగిలింది. ఉబ్బి, తోలు పగిలి, పాలు కార్చుకుంటూ తట్టల్లోనే చచ్చాయి. ఊరికి కారణం వెతికే శ్రమ తప్పింది. పరాయి మగవాడితో మాట్లాడిన నోరు షెడ్డులో ఊపిరి వదిలింది కాబట్టే అన్నారు. అత్త కోడలి కొంగుముడి విప్పి తాళంచెవి తీసేసుకుంది.

షెడ్డు కడిగి, సున్నం కొట్టి, కొత్త పంట వేశారు. రామాంజినప్ప ఆ రోజూ పేట నుంచే వచ్చాడు. తల్లి చెంబుతో ఎదురొచ్చి కాళ్ళ మీద నీళ్ళు పోసింది. అక్క నెత్తిమీది ఆకుమోపు దించి, వచ్చి అతడి పక్కనే నిలబడి, చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుంది.

"నాకూ ఒక చెంబు పొయ్యత్తా. నేనూ కడుక్కొని లోపలికొస్తాను."

"మొగోనిది కాళ్ళకంటుతాది, నీళ్ళు పోస్తే పోతాది. ఆడదానిది ఇంటికంటుతాది."

అక్క అత్తవైపు చూడలేదు. మొగుణ్ణే చూసింది.

"నువ్వన్నా ఒక మాట చెప్పయ్యా."

అతడు తడికాళ్ళతో లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆమె వెళ్ళిపోయింది. ఆ పంటా అదే రోగంతో పోయింది. అప్పుడు మాత్రం ఎవరూ ఎవరి కాళ్ళవైపూ చూడలేదు. పోతూ పోతూ శపించిందన్నారు. శంకర్‌ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అతడి చట్రాలు ఇప్పటికీ ఊళ్ళో అన్ని షెడ్లలోకీ పోతున్నాయి, రామాంజినప్ప షెడ్డుతో సహా.

అక్క ఇప్పుడు కోలారు దారిలో తమక అనే ఊళ్ళో, పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే చోట కూలికి పోతోంది. వేడినీళ్ళలో నాని వేళ్ళు ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉంటాయి.

ఊరి నోరు మూయించడానికి నేనొక కథ కట్టాను. రామాంజినప్ప ధర్మవరం చీర పట్టుకుని తమక పోయాడు. గేటు ముందు ఎండలో నిలబడి, ఇంటికి రమ్మని ఏడ్చాడు. అక్క ఉడుకునీళ్ళ కడవ ఎత్తి చూపించేసరికి చెప్పులు వదిలేసి కోలారు దాకా పరిగెత్తాడు. టీ అంగట్లో సగం మంది నమ్మేశారు. పోయిన వారం తమక వెళ్ళినప్పుడు ఆ కథే అక్కకు, చేతులు తిప్పి తిప్పి వినిపించాను. ఆమె సంగటి ముద్ద చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నది. నవ్వుతుందనుకున్నాను.

"ఆయప్ప రాలేదురా. వచ్చి పిలిచింటే పోయింటాను."