అల్ఫారెట్టాలో లేని అబ్బాయి

కోతలు కోయడంలో నాకు పేరుంది. వడగళ్లవాన రోజు ఒక గడ్డ మా ఇంటి కప్పు, రెండు అంతస్తులు దాటుకుని సరాసరి సాంబారు గిన్నెలో పడిందని చెప్తే, సాంబారు చల్లారిందా అని అడిగినవాళ్లున్నారు. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. ఒక్కదానివల్ల తప్ప.

మేముండేది అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో. మా అమ్మాయికి హైస్కూలు ఆఖరి ఏడాది. బాస్టన్ దగ్గర ఒక చిన్న కాలేజీ మీద మనసు పడింది, ఎర్లీ డెసిషన్‌లో వేస్తానంది. అలా ఒక్క కాలేజీకే వేయాలి, నవంబరు మొదట్లో. డిసెంబరులో జవాబు వస్తుంది. సీటొస్తే మిగతా దరఖాస్తులన్నీ మానుకుని అక్కడే చేరాలి. అందుకే పిల్లతోపాటు ఇంట్లో పెద్దవాళ్లూ సంతకం పెట్టాలి. ఎర్లీ యాక్షన్ అని ఇంకొకటుంది. త్వరగా చెప్తారు గానీ కట్టిపడేయరు. ఆ కాలేజీలో అది లేదు. రెగ్యులర్‌లో అయితే జనవరిలో వేసి, మార్చి ఆఖరుదాకా ఎదురుచూసి, వచ్చినవాటిలో ఒకటి ఏరుకోవచ్చు.

"ఎర్లీ అయితే ఛాన్స్ బెటర్ నాన్నా. స్కూల్లో కౌన్సెలర్ కూడా చెప్పింది."

నాకు వినిపించింది ఒక్కటే: బాస్టన్. విమానంలో నాలుగు గంటలు.

"అల్ఫారెట్టాలో మనకి తెలిసినవాళ్ల అబ్బాయి ఇట్లాగే సంతకం పెట్టాడమ్మా," అన్నాను. నోరు దానంతటదే నడిచింది. "సీటొచ్చాక మనసు మారింది. రానన్నాడు. ఆ కాలేజీవాళ్లు దేశంలో ఉన్న కాలేజీలన్నిటికీ ఫోన్ కొట్టి, వీణ్ని చేర్చుకోవద్దన్నారు. ఇప్పుడు గరాజ్‌లో కూచుని వాళ్లమ్మ ఆవకాయ సీసాలకి లేబుళ్లు అంటిస్తున్నాడు."

తను నవ్వేసింది. నమ్మలేదు. కానీ మా ఆవిడ నమ్మి, స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పింది. మనవాళ్లకి కాలేజీ వెబ్‌సైట్ ఒక ఎత్తు, తెలిసినవాళ్ల అబ్బాయి ఒక ఎత్తు. రెండు వారాల తర్వాత, తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో, పులిహోర వడ్డిస్తున్న ఒకావిడ మా అమ్మాయిని ఆపింది.

"ఎర్లీలో మాత్రం వేయకురా తల్లీ. అల్ఫారెట్టాలో ఒక పిల్లాడి లైఫ్ స్పాయిల్ అయింది. డ్రైవింగ్ లైసెన్స్ కూడా రెన్యూ చేయట్లేదంట."

"రియల్లీ ఆంటీ? వాళ్లు మీకు తెలుసా?"

"మా కజిన్ వాళ్ల సబ్‌డివిజనే, ఆ వీధిలోనే ఇల్లు."

అమ్మాయి నావైపు చూసింది. వాణ్ని పుట్టించింది నేనేనని చెప్పడానికి అదే సమయం. పెరుగన్నం కలుపుకుంటూ తల ఊపాను. నా అబద్ధానికి ఒక వీధి, ఒక ఇల్లు దొరికినందుకు లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

తను రెగ్యులర్‌లోనే వేసింది. మార్చి ఆఖర్న ఆ బాస్టన్ కాలేజీ వాళ్లు కాదన్నారు. ఏడవలేదు. మూడు రోజులు కార్న్‌ఫ్లేక్స్ తప్ప ఏమీ తినలేదు. నాలుగో రోజు వచ్చి నా ఎదురుగా కూచుంది.

"నాన్నా, ఆ అల్ఫారెట్టా అబ్బాయి నంబర్ ఇస్తావా? ఎలా మూవ్ ఆన్ అయ్యాడో అడుగుతా. తనకి అర్థమవుతుంది."

ఇంకో కోత కోయవచ్చు. నంబర్ మారిందనవచ్చు. చేతకాలేదు.

"అట్లాంటి అబ్బాయి లేడమ్మా."

"ఆంటీ చెప్పింది కదా."

"ఆంటీ దాకా వెళ్లింది నా మాటే."

"వై?"

"నువ్వంత దూరం పోతే ఉండలేననిపించింది."

"అది చెప్పొచ్చు కదా," అంది. "అది చెప్తే నేను ఆలోచించేదాన్ని."

ఎర్లీలో వేసినా సీటొచ్చేదని ఎవరూ చెప్పలేరు. ఆ ముక్క నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, తనతో అనడానికి మాత్రం నోరు రాలేదు. ఇప్పుడు ఆస్టిన్‌లో చదువుతోంది, కారులో మూడు గంటలు. నేను కోరుకున్నంత దగ్గర. సెలవులకి తప్ప రాదు. ఫోన్‌లో నేనేం చెప్పినా "ఓకే నాన్నా" అంటుంది.

మొన్న నాకు జ్వరంగా ఉందని చెప్పాను. "ఓకే నాన్నా. ఫోన్ అమ్మకివ్వు, తనని అడుగుతా," అంది.